గుడ్డు దొర్లనివ్వని చేతులు

చలికాలం చివర విశాఖ సాగర్‌నగర్, జోడుగుళ్లపాలెం తీరాల్లో అర్ధరాత్రి ఇసుకలో తిరిగే తాబేళ్ల కాపలాదారులంటే నాకు ఎంతో గౌరవం. ఆలివ్ రిడ్లే జాతి తల్లి తాబేలు గుడ్లు పెట్టి, గొయ్యి పూడ్చి, పైన ఇసుక సర్దేసి వెళ్లిపోతుంది. ఇసుకమీద మిగిలిన జాడను బట్టి వీళ్లు ఆ చోటు పట్టేస్తారు. కుక్కలు పసిగట్టకముందే చేత్తో ఇసుక తోడతారు. వందకు అటూ ఇటూగా గుడ్లు, ఒక్కొక్కటీ పింగ్‌పాంగ్ బంతంత.

అసలు పనితనం ఇక్కడుంది. గుడ్డు ఏ వైపు పైకి ఉందో ఆ వైపే పైకి ఉంచి తీయాలి. పెట్టిన కొన్ని గంటలకే పిండం పెంకు లోపలి పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత దొర్లించారో, అది చచ్చిపోతుంది. అందుకే ఆ చేతులకు తొందర ఉండదు.

తల్లి తవ్వినట్టే కుండ ఆకారంలో, మూరెడు లోతున గొయ్యి తీసి, కంచె కట్టిన హేచరీలో పాతిపెడతారు. ఇసుక మరీ వేడెక్కితే పుట్టేవన్నీ ఆడపిల్లలే, కాబట్టి నీడ కూడా చూసుకోవాలి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు పైకొస్తాయి. రోడ్డు దీపాలవైపు మళ్లకుండా వాటిని అలల దగ్గర ఇసుకలో వదులుతారు. ఎత్తి నీళ్లలో వేయరు. ఆ కాస్త దూరం అవే పాకాలి.