650 మిల్లీలీటర్ల సాయంత్రం

బీరూ, ఎండ తగ్గని ఏప్రిల్ సాయంత్రాన నిజాంపేట రోడ్డు మీద నీకోసం నిలబడ్డవాళ్లందరి తరఫునా నిన్ను కీర్తిస్తున్నాను. సెంట్రింగ్ పని దిగి, సిమెంటు అంటిన చేతులతోనే వచ్చిన పాలమూరు మేస్త్రీ, మెడలో ఐడీ కార్డు తీయకుండానే హైటెక్ సిటీ నుంచి వచ్చిన గుంటూరు కుర్రాడూ వైన్స్ కౌంటరు ముందు ఒకే మాట అడుగుతారు: "అన్నా, కూలింగ్ ఉందా?" ఉందంటే చాలు, ఇద్దరి మొహాలూ విప్పారతాయి.

నిన్ను చేతిలోకి తీసుకుని చూడాలి. వెలుతురు సోకితే నీ రుచి చెడుతుందని ముదురు గోధుమ రంగు గాజులో దాచారు. ఒంటినిండా చెమట బొట్లు. లేబుల్ మీద సన్నని అక్షరాల్లో, తెలంగాణలో మాత్రమే అమ్మాలన్న ఆజ్ఞ. దాని దగ్గర్లోనే ఎమ్మార్పీ. మూత లేవగానే బుస్సుమనే ఊపిరి, గ్లాసు వంచి పోస్తే మెల్లగా ఎక్కే నురగ, మింగాక గొంతు వెనక నిలిచే హాప్స్ చేదు. లైటంటే ఆల్కహాలు 5 శాతం లోపు, స్ట్రాంగంటే 8 దాకా. మనవాళ్ల నాలుకకి స్ట్రాంగే హితం. నాకౌట్ పేరెత్తితే కళ్లు మెరిసే మామయ్యలు మా వీధిలోనూ ఉన్నారు. నాకు మాత్రం లైటే. చికెన్ పకోడీ కారం మీద చల్లగా దిగుతున్నప్పుడు నీలో బార్లీ గింజ రుచి తెలుస్తుంది, స్ట్రాంగులో అది మునిగిపోతుంది.

నువ్వు పుట్టేది మాకు దగ్గర్లోనే, సంగారెడ్డి జిల్లా బ్రూవరీల్లో. అక్కడి నుంచి నేరుగా ఏ దుకాణానికీ రాలేవు. బెవరేజెస్ కార్పొరేషన్ డిపో గుమ్మం తొక్కాల్సిందే. నీ ధర కంపెనీ ఇష్టం కాదు, దుకాణదారు ఇష్టమూ కాదు. జీఎస్టీ నిన్ను ముట్టదు. రాజ్యాంగమే నిన్ను దాని బయట ఉంచి రాష్ట్రాల చేతికి అప్పగించింది. అందుకే కోదాడ దాటితే నీ ధర వేరు, కొన్నేళ్లు నీ పేరే వేరు. 2019 తర్వాత ఆంధ్రలో ప్రభుత్వ దుకాణాలు వచ్చి, అలవాటైన బ్రాండ్లు కరువైనప్పుడు, నిజాంపేటలో ఉన్న గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లకి ఊరి నుంచి ఫోన్లే ఫోన్లు. "పండక్కి వస్తూ రెండు లైట్లు పట్రా బావా." ఆ చిన్న అక్షరాల ఆజ్ఞ గరికపాడు చెక్‌పోస్టు దగ్గర పెద్దదై కనిపించేది.

2025 జనవరి 8న యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకి సరఫరా ఆపేసింది. ఏళ్ల తరబడి ధర పెంచలేదని, బకాయిలు రాలేదని. సంక్రాంతి ముందు కింగ్‌ఫిషర్ ఆగిపోవడమంటే మామూలు కబురు కాదు. ఆ నెలలోనే మళ్లీ బళ్లు కదిలాయి. ఫిబ్రవరి 11 నుంచి 15 శాతం పెంపు అమల్లోకి వచ్చింది. ఐడీ కార్డు కుర్రాడికి అది లెక్కలోకి రాలేదు. మేస్త్రీ మాత్రం కౌంటరు ముందు నోట్లు రెండోసారి లెక్కపెట్టుకున్నాడు.

నిన్ను పొగిడే నోటితోనే దూబగుంట తల్లులకి దండం పెడతాను. 1992లో సారా మీద వాళ్లు లేవకపోతే 1995 జనవరిలో ఎన్టీఆర్ మద్యనిషేధం లేదు. అది రెండేళ్లకే సడలింది గానీ, తాగుడు ఇంటి పొయ్యిని ఆర్పుతుందని వాళ్లన్నది అబద్ధం కాలేదు. 21 ఏళ్లు నిండనివాడికి నిన్ను అమ్మొద్దన్న చట్టం నాకు ప్రియమైనది. ఇంటర్ హాస్టళ్లు కిక్కిరిసిన నిజాంపేట, బాచుపల్లిలో అది కౌంటరు దగ్గర ప్రతి రాత్రీ అమలు కావాలి.

నీ ధరలో పెద్ద వాటా సర్కారుదని తెలిసే కొంటున్నాం. ఏలినవారిని నేను కోరేది కొంచెమే. అచ్చు వేసిన ధర ఆదిలాబాదులో, జూబ్లీహిల్స్‌లో, నిజాంపేటలో అన్ని వైన్సుల్లోనూ ఒక్కటే కావాలి. మే నెలలో స్టాకు ఆగకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసిచ్చినందుకు మేస్త్రీ దగ్గర పది రూపాయలు ఎక్కువ గుంజే చేతిని ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ పట్టుకోవాలి.