నాలుగు గులాబీల పుట్టుపూర్వోత్తరాలు

పన్నీటికీ అత్తరుకీ పేరుపడ్డ డమాస్క్ గులాబీల్లో నాలుగు పాత రకాలున్నాయి. చూపుకి వాటికి చుట్టరికమే కనబడదు. కజాన్‌లిక్ పూలన్నీ గులాబీ రంగే. యార్క్ అండ్ లాంకాస్టర్ పొదలో కొన్ని తెల్లనివి, కొన్ని గులాబీవి, కొన్నిట్లో రెండు రంగులూ. కాత్ర్ సెజోన్ వేసవిలో పూసి ఊరుకోదు, శరత్తులో మళ్ళీ పూస్తుంది. బ్లాన్ మూసో తెల్లనిది, మొగ్గ చుట్టూ నాచులాంటి నూగు. వేసవి రకాలకీ శరత్తు రకాలకీ పుట్టుకే వేరని బ్రిటిష్ జన్యుశాస్త్రజ్ఞుడు హర్స్ట్ 1941లో చెప్పిన మాట చాలాకాలం చెల్లింది.

2000లో జపాన్ శాస్త్రజ్ఞులు ఇవాటా, కాటో, ఓనో దాన్ని తిరగరాశారు. ఆ పనిలో నన్ను కట్టిపడేసేది ప్రశ్నలు వేసిన వరస.

ముందు, ఇవి నిజంగా వేరువేరు మొక్కలేనా? ఆర్ఏపీడీ పద్ధతిలో పొట్టి డీఎన్ఏ ముక్క ఒకటి మొక్క డీఎన్ఏలో అక్కడక్కడ అతుక్కుంటుంది. ఆ చోట్ల మధ్య భాగాలకి లెక్కలేనన్ని నకళ్ళు తీసి జెల్‌పై రన్ చేస్తే, పొడవును బట్టి చారలు విడిపడతాయి. ఒకే కాయలోని గింజలు మొలిచినా చారల్లో తేడా రావాలి. ఇక్కడ నాలుగింటివీ అచ్చంగా ఒకటే! అంటే మూలం ఒకే మొక్క; కొమ్మలూ అంట్లతోనే తరతరాలు సాగింది. మొగ్గల్లో తలెత్తిన చిన్న మార్పులే ఇన్ని రూపాలిచ్చాయి. అంత చిన్న మార్పు ఈ చారలకి చిక్కదు.

మరి ఆ మొక్క ఎవరి బిడ్డ? చారలు ఈ సంగతి చెప్పలేవు కాబట్టి రైబోసోమ్ జన్యువుల నడుమ ఉండే ఐటీఎస్ భాగాన్ని అక్షరం అక్షరం చదివారు. అందులో మూడు జాతుల ఆనవాళ్ళు దొరికాయి: మోస్కాటా, గాలికా, మధ్య ఆసియాకి చెందిన ఫెడ్చెంకోవానా. మూడోది హర్స్ట్ లెక్కలోనే లేదు.

చివరగా, తల్లి ఎవరు? గులాబీల్లో హరితరేణువు డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది. అది మోస్కాటాదని తేలింది. మోస్కాటా, గాలికా కలిసి పుట్టిన సంకరానికి ఫెడ్చెంకోవానా పుప్పొడి తోడైందని వాళ్ళ నిర్ణయం. ఏ పరీక్షనీ దాని శక్తికి మించి మాట్లాడించలేదు. పనితనమంటే ఇదీ.

2005లో బల్గేరియా పరిశోధకులు మైక్రోశాటిలైట్ మార్కర్లతో చూస్తే బల్గేరియా, ఇరాన్, భారతదేశాల నూనె గులాబీలూ ఈ పాత రకాలూ ఒకే జన్యురూపమని వచ్చింది. తోటలు ఎన్నున్నా వైవిధ్యం దాదాపు శూన్యమన్నమాట. 2007లో ఇరాన్ అంతటా సేకరించిన 40 నమూనాల్లో మాత్రం 9 జన్యురూపాలు కనిపించాయి. కొత్త నూనె గులాబీని రూపొందించాలనుకునేవాళ్ళు వెతకాల్సింది అక్కడ.