ఫార్మాట్ కొట్టించే ముందు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని, ప్రాసెసర్ పాతబడిన లాప్‌టాప్‌లను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. పనిచేస్తున్న యంత్రాన్ని మూలన పడేయడం ఇష్టం లేనివాళ్లకు ఉబుంటు, లినక్స్ మింట్ లాంటి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు మంచి దారి. అవి వేశాక అన్నీ బాగుండి సౌండ్ ఒక్కటే రాని సందర్భాలు ఉంటాయి. వీడియో కదులుతుంది, మాట వినపడదు. అప్పుడు చుట్టుపక్కల నుంచి ఠక్కున వచ్చే సలహా "ఫార్మాట్ కొట్టించెయ్" అని. రాచర్ల లాంటి మండల కేంద్రంలో ఉన్నవాళ్లకు ఆ సలహా ఖరీదైనది. దగ్గరి పట్టణాలైన గిద్దలూరుకో మార్కాపురానికో లాప్‌టాప్ మోసుకెళ్లాలి. ఒంగోలు దాకా పోవాలంటే వంద కిలోమీటర్లకు పైమాటే. పైగా ఫార్మాట్‌తో దాచుకున్న ఫైళ్లు పోవచ్చు, లోపం ఎక్కడుందో మాత్రం తెలియదు, కనుక అది మళ్లీ రావచ్చు. లినక్స్ వాడేవాళ్లలో ఇందుకు పూర్తిగా భిన్నమైన అలవాటు ఒకటి ఏళ్లుగా పెరుగుతూ వచ్చింది. ముందు యంత్రాన్ని అడగడం, అది చెప్పింది చదవడం, ఆ తర్వాతే చెయ్యి పెట్టడం. రిపేరు షాపు దగ్గర్లో లేని ఊళ్లకే ఈ అలవాటు అందరికంటే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

ఈ పద్ధతి ఎందుకు సాధ్యమైందో తెలియాలంటే సౌండ్ నడిచే దారి చూడాలి. లినక్స్‌కు గుండె లాంటి కెర్నెల్‌లో సౌండ్‌కార్డును నడిపించే భాగం పేరు ఆల్సా. చెక్ ప్రోగ్రామర్ యరోస్లావ్ కిసెలా 1998లో మొదలుపెట్టిన ఆ పని 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌తో అందరికీ చేరింది. బ్రౌజరు, వీడియో ప్లేయరు లాంటి అనేక ప్రోగ్రాముల సౌండ్‌ను కలిపి ఆల్సాకు అందించే పై అంచె పని చాలాకాలం పల్స్ఆడియో చేసింది. ఇప్పుడు విమ్ టేమన్స్ రూపొందించిన పైప్‌వైర్ చేస్తోంది. 2021లో ఫెడోరా 34, మరుసటి ఏడాది ఉబుంటు 22.10 దీన్నే ప్రధానంగా తీసుకున్నాయి. అంటే ప్రోగ్రాము, పైప్‌వైర్, ఆల్సా, డ్రైవరు, చిప్, స్పీకరు వరసగా ఉంటాయి. వేర్వేరు మనుషులు వేర్వేరు కాలాల్లో కట్టిన అంచెలు కావడంతో వాటి మధ్య సరిహద్దులు స్పష్టంగా మిగిలాయి. ప్రతి సరిహద్దు దగ్గరా ఆగి "ఇక్కడిదాకా వచ్చిందా?" అని అడిగే సాధనం ఒకటి ఉంది. కంభం చెరువు కింద చివరి మడికి నీళ్లు అందకపోతే రైతు తూము దాకా కాలవ గట్టు వెంబడి నడిచి ఎక్కడ ఆగాయో చూస్తాడు, చెరువు కట్టను తవ్వి మళ్లీ పొయ్యడు.

ఆ నడకలో మొదటి అడుగులకు ఏ ఆదేశమూ అక్కర్లేదు. సౌండ్ సెట్టింగ్స్ తెరిచి అవుట్‌పుట్ ఎటు పోతోందో చూడాలి. టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ దారి ఎంపికై ఉంటే లాప్‌టాప్ స్పీకర్లు మూగబోతాయి. ఎప్పుడో కలిపిన బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పక్క గదిలో ఆన్‌లో ఉన్నా అంతే. అక్కడ అసలు పరికరం పేరే లేకుండా "డమ్మీ అవుట్‌పుట్" అని కనపడితే, పైప్‌వైర్‌కు ఏ కార్డూ దొరకలేదని అర్థం. ఇక పై అంచెను వదిలి కిందికి దిగాలి. టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ ఆదేశం మదర్‌బోర్డుకు ఉన్న పరికరాలను చెబుతుంది. ఏప్లే ఆదేశానికి అడ్డగీతతో చిన్న ఎల్ అక్షరం తగిలిస్తే ఆల్సా గుర్తించిన కార్డులను చెబుతుంది. చాలా లాప్‌టాప్‌లలో ఈ రెండు జవాబులే కథ సగం తేల్చేస్తాయి. మొదటి జాబితాలో ఆడియో పరికరం ఉండి రెండోదాంట్లో లేకపోతే చిప్ బతికే ఉంది, దాన్ని నడిపించే డ్రైవరో ఫర్మ్‌వేరో అందలేదు. అప్పుడు కెర్నెల్ తన చిట్టాలో ఏం రాసుకుందో డీమెస్గ్ ఆదేశంతో చూడాలి. ఇటీవలి ఇంటెల్ లాప్‌టాప్‌లలో సౌండ్ పనిని ఒక చిన్న డీఎస్‌పీ ప్రాసెసర్ చేస్తుంది, దానికి ఎస్ఓఎఫ్ అనే ఫర్మ్‌వేర్ ఫైలు కావాలి. ఆ ఫైలు లేకపోతే లేదని ఆ చిట్టాలోనే రాసి ఉంటుంది. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌లో ఇలాంటి ఫర్మ్‌వేర్‌ను విడిగా తెచ్చుకోవలసి వచ్చేది. 2022లో సభ్యులు ఓటు వేసి మార్చడంతో 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే పెడుతున్నారు.

రెండు జాబితాల్లోనూ కార్డు ఉండి సౌండ్ రాకపోతే ఆల్సామిక్సర్ తెరవాలి. ఎఫ్6తో కార్డు ఎంచుకుంటే నిలువు పట్టీలు కనపడతాయి. పట్టీ అడుగున రెండు ఎం అక్షరాలుంటే ఆ దారి మ్యూట్‌లో ఉంది, ఎం మీట నొక్కితే తెరుచుకుంటుంది. డెస్క్‌టాప్ మీద వాల్యూమ్ నిండుగా చూపిస్తున్నా ఇక్కడ స్పీకరు పట్టీ మూసుకుని ఉండవచ్చు. హెడ్‌ఫోన్ పెట్టకపోయినా పెట్టినట్టు భ్రమపడే లాప్‌టాప్‌లు ఉన్నాయి, వాటికి ఇదే తెరలోని ఆటో మ్యూట్‌ను ఆపి చూడాలి. సౌండ్ నిన్న వచ్చి, అప్‌డేట్ తర్వాత రాకపోతే, యంత్రం మొదలయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుని చూడటం ఉత్తమం. పాతదాంట్లో వస్తే అనుమానం కొత్త కెర్నెల్ మీదికి పోతుంది. ఇవన్నీ తేల్చనిదాన్ని లైవ్ యూఎస్‌బీ తేలుస్తుంది. డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే ఉబుంటు నడిపి చూడండి. అందులో సౌండ్ వస్తే స్పీకరు మంచిదే, లోపం డిస్కు మీద మీరు వేసుకున్న సిస్టమ్‌లో ఉంది. ఆదేశాల పేర్లకంటే ఈ వరసే ముఖ్యం. ఒకసారికి ఒక్కటే మార్పు చేసి, ఫలితం కాగితం మీద రాసుకుని, పని జరగకపోతే ఆ మార్పును వెనక్కి తీసి ముందుకు పోవాలి. ఎక్కడో దొరికిన పది ఆదేశాలను, యంత్రం మీద పూర్తి అధికారమిచ్చే సుడో ముందు పెట్టి వరసగా అతికించడం ఫార్మాట్ కొట్టించడానికి ఏమాత్రం తీసిపోని పొరపాటు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. సౌండ్ కోసం మామూలు మనిషి ఇంత తంటాలు ఎందుకు పడాలి, విండోస్‌లో ఇవేవీ లేవు కదా అంటారు. ఇందులో నిజం ఉంది. లాప్‌టాప్ కంపెనీలు విండోస్‌కు డ్రైవరు తామే సమకూర్చి పరీక్షించి అమ్ముతాయి, లినక్స్‌కు అందరూ అలా చేయరు. ఆ భారం వాడేవాళ్ల మీద పడటం అన్యాయమే. కాని మద్దతు ఆగిపోయిన రోజున, విండోస్ 11 ఒప్పుకోని యంత్రంతో విండోస్‌లోనే ఉండాలనుకునేవాళ్లకు కొత్త లాప్‌టాప్ కొనడం తప్ప పెద్దగా దారి లేదు. లినక్స్‌లో ఒకరు పడిన శ్రమ ఇంకొకరికి మిగులుతుంది. రియల్‌టెక్ చిప్‌ల డ్రైవరులో ఒక్కొక్క లాప్‌టాప్ మోడల్‌కు ఏ సవరణ కావాలో చెప్పే పొడవాటి పట్టిక ఉంది. కెర్నెల్ సౌండ్ విభాగాన్ని ఏళ్లుగా చూస్తున్న తకాషి ఇవాయ్ లాంటివాళ్లకు వాడుకరులు పంపే వివరాల వల్లే ఆ పట్టిక పెరుగుతోంది. ఆల్సా ఇన్ఫో అనే స్క్రిప్టు కార్డు, చిప్, మిక్సర్ వివరాలన్నీ ఒక్క ఫైలులోకి చేరుస్తుంది. రాచర్ల నుంచి పంపిన ఒక ఫైలు వల్ల ఆ పట్టికలో ఒక వరస చేరితే, అదే మోడల్ కొన్న ప్రతి ఒక్కరికీ, ఏ దేశంలో ఉన్నా, తర్వాతి కెర్నెల్‌తో సౌండ్ వస్తుంది. ఫార్మాట్‌తో బాగుపడ్డ యంత్రం నుంచి ఇంకెవరికీ ఏమీ అందదు.

సౌండ్ అంటే పాటలే కదా, లేకపోయినా నడుస్తుందని తీసిపారేసేవాళ్లూ ఉన్నారు. చూపులేని వాళ్లకు లినక్స్‌లో తెరమీది మాటలు చదివి వినిపించేది ఓర్కా. ఈస్పీక్ ఎన్‌జీ తోడైతే అది తెలుగూ చదువుతుంది. వాళ్లకు సౌండ్ లేకపోవడమంటే కంప్యూటరే లేకపోవడం. కోచింగ్ సెంటరుకు పోలేక వీడియో పాఠాల మీదే పోటీ పరీక్షలకు చదివేవాళ్లకూ సౌండ్ విలాసం కాదు.

భాష అడ్డమన్న మాటను మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఈ విద్య దాదాపు అంతా ఇంగ్లిషులోనే రాసి ఉంది. హైదరాబాద్ కేంద్రంగా 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది, ఇంజనీరింగ్ కాలేజీల్లో గ్లగ్‌లనే విద్యార్థి బృందాలను నడిపింది. అయినా మెనూలు తెలుగులోకి వచ్చినంతగా, మెనూ పనిచేయనప్పుడు ఏం చేయాలన్నది తెలుగులోకి రాలేదు. ఆ లోటు తీర్చడానికి సంస్థే కావాలని లేదు. మీ లాప్‌టాప్‌లో సౌండ్ తిరిగి వచ్చిన రోజు, మోడల్ పేరు, చిప్ పేరు, ఏ అంచె దగ్గర ఆగింది, ఏ ఒక్క మార్పుతో వచ్చింది అనే నాలుగు వివరాలు తెలుగులో రాసి నలుగురికీ అందేలా పెట్టండి.