జెండర్ పాఠంలో జోగిని బిడ్డ ఎక్కడ కూర్చోవాలె?

విశ్వవిద్యాలయాల్లో జెండర్, లైంగికత చదువంటే పడమటి నుంచి దిగుమతైన సరుకని మనవాళ్లలో కూడా కొందరంటున్నారు. మన ఆడోళ్లకు కూడు, గుడ్డ, భూమి కావాలె గని ఈ ముచ్చట్లెందుకన్నది వాళ్ల ప్రశ్న. దీనికి జవాబు అంబేద్కర్ ఎన్నడో చెప్పిండు. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన 'భారతదేశంలో కులాలు' పత్రంలో, సొంత కులంలోనే పెళ్లి అనే కట్టుబాటే కులానికి ప్రాణమని, దాన్ని నిలబెట్టడానికే సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం వచ్చాయని వాదించాడు. అంటే స్త్రీ లైంగికత మీద కాపలా లేకుండా కులం నిలవదు. మరి ఈ చదువు మనకు పరాయిదెట్లయితది?

అయితే నడుస్తున్న చదువును కూడా ప్రశ్నించాలె. హైదరాబాద్ జేఎన్‌టీయూ విద్యార్థుల కోసం తయారైన జెండర్ ద్విభాషా పాఠ్యపుస్తకాన్ని 2015లో తెలుగు అకాడమీ అచ్చువేసింది. సంపాదకుల్లో సూసీ తారు, ఎ. సునీత తదితరులతో పాటు, 'నల్లపొద్దు' పేరుతో దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒక్కచోట చేర్చిన గోగు శ్యామల కూడా ఉన్నారు. ఇంటి చాకిరి, లైంగిక వేధింపు, గృహహింస, ఆడ మగ రెండింటికే పరిమితం కాని జెండర్ - ఇవన్నీ ఇంజనీరింగ్ క్లాసులో తెలుగులో చర్చకు రావడం చిన్న సంగతి కాదు. కానీ 2018 నియమావళిలో ఈ పాఠం 'జెండర్ సెన్సిటైజేషన్ ల్యాబ్' అయింది. వారానికి రెండు గంటలు, క్రెడిట్లు సున్నా. మార్కులే లోకమైన చోట సున్నా అంటే ఏమిటో పిల్లలకు ఒకరు చెప్పనక్కర లేదు. పేరులోనే ఇంకో చిక్కుంది. అధికారాన్ని ప్రశ్నించాల్సిన చదువు 'సున్నితంగా మెలగడం' నేర్పే మర్యాద పాఠంగా కుదించుకుపోయే ప్రమాదముంది.

ఈ పాఠాన్ని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లల ముందు పెట్టి చూద్దాం. ఇప్పుడు వనపర్తిలోనే జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఇంటి చాకిరి పాఠం చెప్తూ సారు "మీ ఇంట్ల పని ఎవరు చేస్తరు, అమ్మనా నాయననా?" అని అడిగిండనుకోండి. ఆ బెంచీల్లో జోగిని బిడ్డ ఉంటే? బడిలో చేరిన నాటి నుంచి తండ్రి పేరు గడి దగ్గర ఆగిపోయిన ఆ పిల్ల ఏం చెప్పాలె? ప్రశ్న మంచిదే. కానీ అది అమ్మానాయన ఉన్న ఇంటిని ముందే అనుకుని అడిగిన ప్రశ్న.

పాలమూరు పల్లెల్లో జోగినిగా విడిచింది ఎక్కువగా మాదిగ, మాల ఆడపిల్లల్నే. దేవత పేరు చెప్పి పెండ్లి లేకుండా చేసి, భూమి, పెత్తనం ఉన్నోళ్లకు ఆమెను అందుబాటులో ఉంచారు. 1988లో వచ్చిన చట్టం ఈ సమర్పణను నేరం చేసింది. అయినా దీన్ని ఒట్టి మూఢాచారంగా చూస్తే సగమే చూసినట్టు. అగ్రకుల స్త్రీ దేహాన్ని ఇంటి గోడల మధ్య కాపలా కాసిన కులమే దళిత స్త్రీ దేహాన్ని ఊరుమ్మడి చేసింది. అంబేద్కర్ వాదానికి ఇది రెండో ముఖం. 'నీలిమేఘాలు' (1993) నాటి స్త్రీవాదం నా దేహం నాదే అన్నప్పుడు ఎదురుగా మొగుడున్నాడు. జోగిని అదే మాటంటే ఎదురుగా ఊరంతా నిలబడతది.

ఇక్కడ మనవైపు నుంచి జరిగే తప్పునూ ఒప్పుకోవాలె. జోగినికి పెండ్లి చేస్తే సమస్య తీరిందనుకోవడం, ఆమెను మళ్లీ అగ్రకుల 'శీలం' కొలబద్దతో కొలవడమే. పెండ్లి చేసుకునే హక్కుతో పాటు వద్దనే హక్కు, బిడ్డల పేరు పక్కన తన పేరే రాసుకునే హక్కు, బతకడానికి భూమి - ఇవన్నీ కలిస్తేనే లైంగికత మీద హక్కు. భూమి ముచ్చట, దేహం ముచ్చట వేరువేరు కావు.

గద్వాల సీడు పత్తి చేన్లు కూడా ఈ పాఠంలోవే. సాయంత్రం మొగ్గల్లో కేసరాలు గిల్లి, తెల్లారి పుప్పొడి అద్దే క్రాసింగ్ పని ఏండ్లకేండ్లు ఆడపిల్లల వేళ్ల మీద నడిచింది. వాళ్లవి చిన్న చేతులు, నేర్పుగల చేతులు అని పొగిడి తక్కువ కూలి ఇచ్చారు, బడి మాన్పించారు. స్త్రీల శ్రమకు ఇంతకన్నా మంచి ఉదాహరణ కోసం ఎక్కడ వెతకాలె?

2008లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చింది. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో దాని పీజీ కేంద్రాలున్నాయి. జెండర్ చదువు హైదరాబాద్ నుంచి ఇక్కడికి దిగాల్సిన పని లేదు, ఇక్కడి నుంచే రాయొచ్చు. అందుకు మూడు పనులు కావాలె. ఈ పాఠానికి క్రెడిట్లు ఇవ్వాలె. జోగిని స్త్రీలను సమాచారమిచ్చే మనుషులుగా కాదు, పాఠం చెప్పేవాళ్లుగా పిలవాలె. క్లాసులో ఏ పిల్లనూ తన ఇంటి గుట్టు విప్పమని అడగొద్దు. విప్పి చూపాల్సింది ఊరి గుట్టు. ఆ పని మొదలైన నాడు జోగిని బిడ్డ మొదటి బెంచీలో కూర్చుంటది.