ఒకే పేరు, వేర్వేరు మందులు: తెలుగు వైద్యరచనలో ఒక పదప్రయోగం

అంగస్తంభన లోపానికి వాడే మందులన్నిటినీ తెలుగు వైద్యరచన తరచుగా ‘వయాగ్రా’ అన్న ఒక్క మాటతోనే వ్యవహరిస్తుంది. వ్యాపారనామం జాతినామంగా మారడం భాషలో సహజమే. కానీ ఈ అర్థవ్యాకోచం ఇక్కడ పాఠకునికి అత్యవసరమైన భేదాలను మరుగుపరుస్తోంది.

1998లో అమెరికాలో అనుమతి పొందిన వయాగ్రాలోని ఔషధం సిల్డెనాఫిల్. 2003లో అక్కడే అనుమతి పొందిన టడలాఫిల్ కూడా అదే ఎంజైమును నిరోధిస్తుంది. అయినా వినియోగంలో రెండూ ఒకటి కావు. మొదటిదాని ప్రభావం సుమారు 4 గంటలు, రెండవదానిది 36 గంటల వరకు. కొవ్వు అధికంగా ఉన్న భోజనం సిల్డెనాఫిల్‌ను ఆలస్యం చేస్తుంది. టడలాఫిల్‌పై ఆ ప్రభావం ఉండదు. లైంగికోద్దీపన లేనిదే రెండూ పనిచేయవు. కనుక ‘కామోద్దీపక మాత్ర’ అన్న పదబంధమూ సరికాదు.

అసలు ప్రమాదం హెచ్చరికలో ఉంది. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకొనే నైట్రేట్ మాత్రలు వాడేవారు ఈ రెండింటిలో దేనినీ తీసుకోరాదు. రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. గుండెనొప్పి వచ్చినప్పుడు నైట్రేట్ ఇవ్వడానికి సిల్డెనాఫిల్ వేసుకొన్న తరువాత కనీసం 24 గంటలు, టడలాఫిల్ తరువాత 48 గంటలు గడవాలి. ‘వయాగ్రా వాడేవారు జాగ్రత్త’ అన్న వాక్యం చదివిన టడలాఫిల్ వినియోగదారుడు అది తనకు వర్తించదనుకొనే అవకాశం ఉంది.

‘నపుంసకత్వం’ అన్న పాతమాట లక్షణాన్ని వదిలి మనిషికి ముద్ర వేస్తుంది. అటువంటి ముద్రకు జంకినవాడు తాను వాడే మందు పేరును వైద్యునికైనా చెప్పడు. లోపాన్ని లోపంగా, ఔషధాన్ని దాని అసలు పేరుతో రాయడం ఇక్కడ శైలికి సంబంధించిన ఎంపిక కాదు, వైద్యరచయిత బాధ్యత.