ఆ పని ఒకసారి చేసి చూపించండి

బడంగ్‌పేట్‌లో మా ఫిజియోథెరపీ గదికి కొత్తగా వచ్చినవాళ్ల కళ్లు ముందు కిటికీ కింద ఉన్న బుట్ట మీద పడతాయి. అందులో ఒక తాపీ, దర్జీ కత్తెర, పాత దుప్పటి, మూత బిగుసుకుపోయిన పచ్చడి సీసా, పసిబిడ్డంత బరువుండేలా బియ్యం పోసి కుట్టిన సంచి ఉంటాయి. "ఇదేం దుకాణం మేడం?" అని నవ్వినవాళ్లూ ఉన్నారు. మణికట్టు నొప్పి అంటూ వచ్చినవాళ్లను నేను ముందుగా అడిగేది ఒక్కటే. రోజూ ఏ పని చేస్తారో అది నా ముందు ఒకసారి చేసి చూపించండి.

నోటితో చెప్పమంటే దాదాపు అందరూ ఒకటే చెబుతారు: "నరం మీద నరం ఎక్కినట్టుంది." ఆ మాట పట్టుకుని మందుల షాపుకు వెళితే అందరికీ అదే ట్యూబు చేతిలో పెడతారు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలున్నాయి. వాటి ముందూ వెనకా వేళ్లను ఆడించే స్నాయువులు, నరాలు, రక్తనాళాలు ఇరుకుగా సర్దుకుని ఉంటాయి. వీటిలో గొడవ దేనిదో తేలాలంటే ఏ వేలు, ఏ వేళప్పుడు, ఏ కదలికతో అన్నది తెలియాలి.

ఈ పద్ధతి నేను కనిపెట్టిందేమీ కాదు. ఇటలీలో బెర్నార్డినో రమజ్జీని అనే వైద్యుడు 1700లోనే వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద పుస్తకం వేశాడు. రోగిని అడగాల్సిన ప్రశ్నలని హిప్పోక్రటీస్ నాటి నుంచి వస్తున్న వాటికి ఆయన ఇంకొకటి కలిపాడు: నీ వృత్తి ఏమిటి? రాతకోతల గుమాస్తాల చేతినొప్పుల గురించీ రాశాడు. కుడిచెయ్యి పనికిరాకుండా పోయిన ఒక నోటరీ ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటే, కొన్నాళ్లకు ఆ చెయ్యీ అదే దారి పట్టిందట. గ్రూప్ వన్ మెయిన్స్ ముందు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల పిల్లలు చెయ్యి పట్టుకుని వచ్చినప్పుడల్లా నాకు ఆ నోటరీ గుర్తొస్తాడు. పేపరుకు మూడు గంటలు. పెన్నును పీక పిసికినట్టు పట్టుకుంటారు పాపం.

కిందటేడు శ్రావణమాసం ముందు మగ్గం వర్క్ చేసే ఒకావిడ వచ్చింది. మా వైపు చాలా ఇళ్లలో ముందు గదిలోనే చెక్క ఫ్రేముకు బ్లౌజు గుడ్డ బిగించి కనిపిస్తుంది. ఆర్డర్లు దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట బొటిక్‌ల నుంచి వస్తాయి. "సూది పొడిచేది కుడిచేత్తోటి, నొచ్చేది ఎడమ చెయ్యి. అందుకే మా ఇంట్ల ఎవ్వరూ నమ్మరు మేడం" అంది. అర్ధరాత్రి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుందట. చెయ్యి విదిలిస్తే కాసేపటికి సర్దుకుంటుంది. చిటికెనవేలికి మాత్రం ఏమీ లేదు.

చిటికెనవేలి సంగతితో సగం తేలిపోయింది. అరచేతి మొదట్లో కార్పల్ టన్నెల్ అనే సన్నటి సొరంగం ఉంటుంది. తొమ్మిది స్నాయువులు, మీడియన్ అనే ఒకే ఒక్క నరం అందులోంచే వెళ్లాలి. బొటనవేలు మొదలు ఉంగరపువేలి సగం దాకా స్పర్శ ఆ నరానిదే. చిటికెనవేలిది వేరే నరం, వేరే దారి. చెయ్యి ముందుకు వంచినా, వెనక్కి విరిచినా సొరంగంలో ఒత్తిడి పెరుగుతుంది. సంక్రాంతి ముందు ఎల్బీనగర్‌లో విజయవాడ బస్సెక్కే రద్దీలో పసిపిల్లలు నలిగినట్టు, లోపల ముందు నలిగేది ఆ నరమే. నిద్రలో తెలియకుండానే చేతులు ముడుచుకుంటాం కాబట్టి తిమ్మిరి రాత్రిపూట ఎక్కువ.

మిగతా సగం ఆవిడ చేసి చూపించాక తెలిసింది. రెండు స్టూళ్ల మధ్య గుడ్డ బిగించి ఇచ్చాను. బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పైన కుడిచేతిలో ఆరీ సూది చకచకా దిగి లేస్తోంది. ఎడమ చెయ్యి గుడ్డ కింద, ఎవరికీ కనబడని చోట, సూది కొక్కేనికి దారం అందిస్తోంది. నేను నేలకు వంగి చూశాను. బొటనవేలూ చూపుడువేలూ దారాన్ని నొక్కిపట్టి ఉన్నాయి; మణికట్టు మాత్రం పూర్తిగా లోపలికి మడతపడి ఉంది. ఇంట్లో ఆమె మగ్గం ఇంకా తక్కువ ఎత్తట. మోకాలికీ గుడ్డకీ మధ్య చెయ్యి తిన్నగా పట్టేంత జాగా లేదు. పండగల రోజుల్లో పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా అంతే.

మగ్గం కాళ్ల కింద ఇటుకలు పెట్టమన్నాను. మణికట్టును తిన్నగా ఉంచే పట్టీ ఇచ్చి రాత్రిళ్లు వేసుకోమన్నాను. తర్వాత వచ్చినప్పుడు అడిగితే పగలంతా పట్టీతోనే కుట్టి, పడుకునే ముందు తీసేస్తోందని తెలిసింది. "పండుకునేటప్పుడన్నా చేతికి రెస్ట్ ఉండాలె గదా!" చాలామంది ఇలాగే చేస్తారు. పగలు పట్టీ కడితే చెయ్యి పని మానేసి దానితో కుస్తీ పడుతుంది. దాని అవసరం నిద్రలోనే.

బియ్యం సంచి బాలింతల కోసం తయారుచేసింది. ఈ మధ్య నానమ్మలు, అమ్మమ్మలు కూడా ఎక్కువయ్యారు. కోడలు మెట్రో ఎక్కి హైటెక్ సిటీకి వెళ్లాక బిడ్డను ఎత్తేది వాళ్లేగా. చంకల కింద చేతులుంచి, బొటనవేళ్లు బారచాపి ఎత్తుతారు. బొటనవేలిని చాపే రెండు స్నాయువులు మణికట్టు అంచున ఒకే తొడుగులోంచి పోతాయి, ఆ తొడుగు మందమవుతుంది. దీన్ని 1895లో వివరించిన స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వాన్ పేరే ఈ నొప్పికి స్థిరపడింది. బొటనవేలిని పిడికిట్లో దాచి చేతిని మెల్లగా చిటికెనవేలి వైపు వంచితే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే అనుమానం ముందు దీని మీదికే పోతుంది. బొటనవేళ్లు దగ్గరికి చేర్చి, అరచేతులు పైకి తిప్పి, వీపు కిందా పిర్రల కిందా పట్టి ఎత్తడం నేర్పిస్తే చాలామందికి ట్యూబు కంటే ఎక్కువ పనిచేస్తుంది.

దుప్పటి పిండేటప్పుడు, సీసా మూత తిప్పేటప్పుడు చిటికెనవేలి వైపు నొస్తే అక్కడుండే మృదులాస్థి మెత్త దెబ్బతిని ఉండొచ్చు. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు నేరం మౌస్ మీద వేస్తారు. బైకు ఎలా నడుపుతావో చూపించమంటే కర్మన్‌ఘాట్ ట్రాఫిక్‌లో సగం క్లచ్ పట్టుకుని, మణికట్టు విరిచి కూర్చున్న భంగిమ బయటపడుతుంది.

పడిపోయి వచ్చినవాళ్లతో మాత్రం ఏ పనీ చేయించను. ముందు ఎక్స్‌రే. బాత్రూములో జారి అరచెయ్యి ఆనించిన పెద్దవాళ్లకు ముంజేతి ఎముక మణికట్టు దగ్గర విరుగుతుంది. డబ్లిన్ వైద్యుడు అబ్రహాం కోలిస్ దీన్ని 1814లో, ఎక్స్‌రే పుట్టడానికి ఎనభై ఏళ్ల ముందే, రాసిపెట్టాడు. బైకు మీంచి పడ్డ కుర్రాళ్లకు బొటనవేలి మొదట్లోని గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, తొలి ఎక్స్‌రే బాగుందన్నా నమ్మి ఊరుకోవద్దు. అక్కడి స్కఫాయిడ్ ఎముక చీలిక పది, పన్నెండు రోజుల తర్వాత గానీ కనబడకపోవచ్చు. దానికి రక్తం అందేదే అంతంతమాత్రం, వదిలేస్తే అతకకపోవచ్చు. పుత్తూరు కట్టు బోర్డు ఉన్న చోటికి పోయినా సరే, ఫిల్ము చేతిలో పట్టుకుని పొండి.

బుట్టలోని సామాను ఎంత తిప్పినా కారణం దొరకని మణికట్లూ ఉంటాయి. రెండు చేతులూ ఒకేసారి, పొద్దున లేవగానే గంటసేపు బిగుసుకుపోయి, వాపుతో ఉంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. అలాంటివాళ్లను రుమటాలజిస్టు దగ్గరికి ఆలస్యం లేకుండా పంపేస్తాను. జ్వరం తర్వాత మొదలైతే చికున్‌గన్యా అడుగుతాను. 2005-06లో మన రాష్ట్రాన్ని అది ఎలా మంచాన పడేసిందో చాలా ఇళ్లకు గుర్తుంది. తిమ్మిర్లున్నవాళ్లకు షుగరు, థైరాయిడ్ పరీక్షలు చూస్తాను. గర్భిణులకు ఒంటి నీరు వల్ల వచ్చే తిమ్మిరి చాలావరకు కాన్పయ్యాక తగ్గుతుంది.

మగ్గం ఆవిడకు షుగరు లేదు, థైరాయిడ్ లేదు. ఇటుకలు పెట్టాక, పట్టీ రాత్రికి మారాక నిద్ర పడుతోందంది. నరం ఎంత నలిగిందో చూసే పరీక్ష చేయించుకోమంటే మాత్రం బేరం మొదలుపెట్టింది. బ్లౌజుకు ఇంత అని లెక్క. మూడు రోజులు కూర్చోకపోతే బొటిక్ వాళ్లు ఆర్డరు ఇంకొకరికి ఇచ్చేస్తారు. వరలక్ష్మీ వ్రతం బ్లౌజులు అందించాక వెళతానంది. బొటనవేలి మొదట్లో కండ ఇంకా నిండుగానే ఉంది, చేతిలోంచి వస్తువులు జారిపోవడం లేదు. అందుకే సరేనన్నాను. ఆ కండ పలచబడి ఉంటే ఒక్క బ్లౌజుకు కూడా ఒప్పుకునేదాన్ని కాదు.