మరుగుపడిన నాటకగీతములు: డాన్ అప్‌షా గానసంపుటము

నాటకము పడిపోయిన పిదప దానిలోని పాట గతి యేమి? న్యూయార్కు నగరమందలి బ్రాడ్వే నాటకశాలల విషయమున ఈ ప్రశ్నకు సమాధానము మిక్కిలి కఠినమైనది. అచ్చట సంగీతనాటకము నొకదానిని రంగమునకు తెచ్చుటకు విస్తారమైన ధనము కావలెను. మొదటి రాత్రి చూచిన పత్రికావిమర్శకులు పెదవి విఱిచి, టిక్కెట్లు అమ్ముడుపోకున్నచో, రెండుమూడు వారములు తిరుగకముందే శాల తలుపులు మూతపడును. తెరలు, దుస్తులు చెల్లాచెదరగును. స్వరలిపి యే పెట్టెలోనో పడియుండును. మంచి పాట, చెడ్డ పాట యను విచక్షణ లేకయే అన్నియు నొక్కసారిగ మరుగుపడును.

అట్టి పాటలను కొన్నింటిని ఏరి, వానితో పాటు పేరు పొందినవి మఱికొన్నింటిని చేర్చి, డాన్ అప్‌షా యను అమెరికా గాయని 1994వ సంవత్సరమున 'ఐ విష్ ఇట్ సో' అను గానసంపుటమును వెలువరించెను. నోన్‌సచ్ సంస్థవారు దీనిని ప్రకటించిరి. ఎరిక్ స్టెర్న్ వాద్యబృందమును నడపెను. మార్క్ బ్లిట్జ్‌స్టైన్, కుర్ట్ వైల్, లెనర్డ్ బెర్న్‌స్టైన్, స్టీఫెన్ సాండ్‌హైమ్ అను నలువురి పాటలు ఇందు కలవు. ఈ నలువురును ఊరక జతచేయబడిన వారు కారు. హిట్లరు అధికారమునకు వచ్చిన 1933లో జర్మనీ విడిచి, 1935లో అమెరికా చేరిన వైల్ రచించిన 'త్రీపెన్నీ ఒపెరా'ను బ్లిట్జ్‌స్టైన్ ఇంగ్లీషున తిరుగవ్రాసెను. బ్లిట్జ్‌స్టైన్ నాటకమును బెర్న్‌స్టైన్ విద్యార్థిగా నున్నప్పుడే హార్వర్డులో ప్రదర్శించెను. బెర్న్‌స్టైన్ స్వరములకు మాటలు వ్రాయుచు సాండ్‌హైమ్ బ్రాడ్వేలో అడుగిడెను. ఒకరి చేతిదివ్వెను మఱియొకరు అందుకొనిన వంశక్రమమిది. ఏర్చుటలోనే గాయని వివేకము కనబడుచున్నది.

సొప్రానో యనగా పాశ్చాత్య సంగీతమున స్త్రీకంఠములన్నిటిలో పై స్థాయిని పలుకునది. ఒపెరా గాయని యంత్రసహాయము లేకయే పెద్ద వాద్యబృందమును దాటి, వేలమంది కూర్చున్న శాల తుదివరకు తన గొంతు వినిపింపవలెను. అందులకై యేండ్ల తరబడి శిక్షణ పొందును. ఆ శిక్షణలో అచ్చులు నిండుగా గుండ్రనగును. హల్లులు పలుచబడును. పై స్థాయికి పోయినకొలది మాట కరగి నాదమే మిగులును. బ్రాడ్వే పాట స్వభావము వేరు. అది మాటలాడుచు మాటలాడుచు పాటగా మారిన సంభాషణము. పాత్ర యేమి చెప్పుచున్నదో చివరి వరుసలోని వానికి గూడ అక్షరమక్షరము తెలియవలెను. తెలియకున్న నాటకము అచ్చటనే ఆగిపోవును. కావున ఒపెరా కంఠము బ్రాడ్వే పాటను తాకినప్పుడెల్ల మాకు కొంత భయము కలుగుచుండును. ఈ భయము నిరాధారము కాదు. 1957 నాటి 'వెస్ట్ సైడ్ స్టోరీ'ని దాని స్వరకర్తయగు బెర్న్‌స్టైనే 1984లో ఒపెరా ప్రముఖులగు కిరి తె కనావా, హోసే కరెరాస్ మున్నగువారిచే పాడించి ముద్రింపజేసెను. కథలో టోనీ న్యూయార్కు వీథులలో పెరిగిన పోలిష్ వంశపు కుఱ్ఱవాడు. అతని ప్రతిపక్షులు స్పానిష్ మాటలాడు పోర్టోరికోవారు. స్పెయిను దేశీయుడగు కరెరాస్ నోట టోనీ మాటలే స్పానిష్ యాసతో వెలువడగా, ఎవరు ఏ పక్షమువారో తెలియని చిక్కు ఏర్పడినది. గొంతులు మాత్రము దివ్యముగా నున్నవి! నటనను గానము మింగివేయుటను మన బళ్లారి రాఘవ నిరసించిన సంగతి చదువరులెఱుగుదురు. ఆయన ఈ ముద్రికను వినియున్న ఏమనెడివాడో ఊహించుట కష్టము గాదు.

అప్‌షా ఈ గోతిలో పడలేదు. 1960లో జన్మించిన ఈమె మెట్రోపాలిటన్ ఒపెరాలో పాడిన గాయని. 1992లో వెలువడిన గొరెట్స్కీ మూడవ సింఫనీ ముద్రికలోని కంఠము ఈమెదే. పోలండు దేశపు ఆ శోకగీతము పది లక్షల ప్రతులకు మించి అమ్ముడుపోయెను. అంతటి పేరు వచ్చిన పిదప ఒపెరా కీర్తనములనే మఱల మఱల ముద్రించుకొనుచు సుఖముగా నుండవచ్చును. ఈమె అట్లు చేయక, ఎవరును పాడని పాటలను వెదకినది. అంతకంటె ముఖ్యముగా, వానిని పాడునప్పుడు తన గొంతును తగ్గించుకొనినది. శాలను నింపు నాదమును ఇంటిలో వినిపింపలేదు. ఎదుట కూర్చున్న యొక్క వ్యక్తితో చెప్పుకొనునట్లు పాడినది. హల్లులు స్పష్టముగా నున్నవి. శ్వాస తీయుచోట సంగీతము కొఱకు గాక అర్థము కొఱకు ఆగుచున్నది. ఇంగ్లీషు కొలదిగ వచ్చినవారు గూడ, మొదటిసారి కాకున్న రెండవసారికి, అచ్చు పుస్తకము లేకయే మాటలు గ్రహింపగలరు. సొప్రానో ముద్రికను గుఱించి ఈ మాట చెప్పగలుగుట అరుదు.

సంపుటమునకు పేరిచ్చిన పాట 'జూనో' అను నాటకములోనిది. దీనిని గుఱించి కొంత విపులముగా వ్రాయవలసియున్నది. ఈ సంపుటము యొక్క గొప్పతనమును, దానియందు మాకు గల అసంతృప్తియు ఈ యొక్క పాటలోనే యున్నవి.

మార్క్ బ్లిట్జ్‌స్టైన్ 1905లో ఫిలడెల్ఫియాలో జన్మించెను. పారిసులో నాదియా బులాంజే వద్దను, బెర్లినులో షోన్‌బర్గు వద్దను సంగీతరచన నేర్చెను. అంతటి విద్య నేర్చినవాడు దానిని ధనికుల సభలకు గాక కార్మికుల కథలకు వినియోగించెను. 1937 జూను 16న ఆయన 'ది క్రేడిల్ విల్ రాక్' ప్రదర్శింపబడవలసియుండగా, ప్రభుత్వ నాటకశాఖ దానిని ఆపివేసినది. శాలకు తాళములు పడెను. నటులు రంగముపై నిలువరాదని వారి సంఘమే కట్టడిచేసెను. ప్రేక్షకులు, నటులు వీథివెంట నడచి వేరొక శాలకు పోయిరి. బ్లిట్జ్‌స్టైన్ ఒక్కడే రంగముపై పియానో ముందు కూర్చుండెను. రంగమెక్కరాదన్నారు గాని ప్రేక్షకుల నడుమ నిలువరాదని ఎవరును చెప్పలేదు. ఆలివ్ స్టాంటన్ అను నటి తాను కూర్చున్న చోటనే లేచి తన పాటను ఎత్తుకొనెను. తక్కినవారును అట్లే లేచి పాడిరి.

ఇరువదిరెండేండ్ల తరువాత 'జూనో' వచ్చినది. ఐర్లండు నాటకకర్త షాన్ ఓ'కేసీ 1924లో డబ్లిను నగరపు ఆబీ నాటకశాలకు ఇచ్చిన 'జూనో అండ్ ది పేకాక్' దీనికి మూలము. సంభాషణములు జోసెఫ్ స్టైన్ కూర్చెను. పాటల మాటలు, స్వరములు రెండును బ్లిట్జ్‌స్టైన్‌వే. 1959 మార్చి 9న మొదలైన ఈ నాటకము పదునాఱు ప్రదర్శనములతో ముగిసిపోయెను.

కథ 1922 నాటి డబ్లినులో, అంతర్యుద్ధ కాలమున, పేదలు కిక్కిరిసియున్న యొక యింటిలో జరుగును. జూనో యిల్లాలు. భర్త పనిచేయుమన్న కాళ్లనొప్పులు చెప్పి మద్యశాలకు పోవు సోమరి. కొడుకు జానీ పోరాటములో చేయి పోగొట్టుకొనినవాడు, తోటివానిని పట్టియిచ్చిన పాపము లోలోపల దహించుచున్నవాడు. కూతురు మేరీ తోటి పనికత్తెను తొలగించినందుకు సమ్మె కట్టిన ఆత్మగౌరవము గలది, పుస్తకములు చదువునది. ఈ మేరీయే నాటకారంభమున ఆ పాట పాడును. తనలో ఏదియో అశాంతి యున్నది. ఏదియో కావలెను. ఆ కావలసినదేమో తనకే తెలియదు. అయినను దానిని గాఢముగా కోరుకొనుచున్నది. పాట యింతే. స్వరము మెల్లగా బయలుదేరి పైకి పోవును, దిగివచ్చును, ఇంకను పైకి పోవును. అప్‌షా ఆ పై స్వరమును జయధ్వానముగా పాడలేదు. కోరరానిది కోరుచున్నానేమో యను శంకతో, తలుపు కొద్దిగా తెఱచి చూచునట్లు పాడినది. చదువుకొన్న పేదయింటి ఆడపిల్ల హృదయమును ఇంత సత్యముగా పలికిన పాట మేము ఎక్కువగా వినలేదు.

కాని తరువాత ఏమి జరుగును? చదువుకొన్నవాడు, మృదుభాషి, వీలునామా వ్రాయువాడు ఒకడు ఆ యింటికి వచ్చును. మేరీ అతనిని నమ్మును. అతడు వ్రాసిన వీలునామా పనికిరానిదై, ఆస్తి రాదని తేలగానే, గర్భవతియైన ఆమెను విడచి ఇంగ్లండు పోవును. తండ్రి మండిపడును. ఇవియన్నియు ఒక యెత్తు. ఆమెను మొదటినుండి ప్రేమించిన జెర్రీ డివైన్ కార్మికసంఘపు యువకుడు, మానవసమానత్వమును గుఱించి ఉపన్యసించువాడు. మేరీ మోసపోయినదని విని క్షమింప వచ్చును. ఆమె కడుపుతో నున్నదని తెలియగానే వెనుకంజ వేయును. మాటలలో నిండియున్న సంస్కారము ఆ యొక్క క్షణమున ఆవిరియగును. సంఘసంస్కరణము కోరు మనవంటివారు ఈ పాత్రను అద్దమువలె చూచుకొనదగును. కడకు ఆ యింట నిలువగలిగినది జూనో యొక్కతెయే. కొడుకు తుపాకికి బలియైన పిదప, కూతుఱును వెంటబెట్టుకొని భర్తను వదలి ఇల్లు విడుచును. పుట్టబోవు బిడ్డకు తండ్రి లేడని మేరీ యేడ్చినప్పుడు, ఆ బిడ్డను తామిద్దఱు ఆడవారును కలిసి పెంచుదుమని ధైర్యము చెప్పును.

ఇప్పుడు ఆ పాటను మఱల వినుడు. ఆ కోరిక యెంత నిర్మలమో, దానికి లోకమిచ్చిన బదులెంత క్రూరమో తెలియును. సంపుటమును వరుసగా వినుచుపోవువానికి ఇది తెలియదు. వయసులోనున్న పిల్ల ప్రియునికై వేచియున్నదనుకొని, మధురముగా నున్నదని మెచ్చుకొని, తరువాతి పాటకు పోవును. మా అసంతృప్తి యిదియే. నాటకమునుండి పాటను వేఱుచేసినప్పుడు మొదట రాలిపోవునది పాత్ర. అట్లని గాయనిని నిందింపము. పదునాఱు రాత్రులతో ముగిసిన నాటకమును మఱల నిలబెట్టుట ఒక గాయని వలన నగు పనికాదు. ఆమె పాడకున్న మేరీ పేరే మేమెఱుగకపోదుము. కాని మేరీ పాట తరువాత జూనో పాట యొకటి యుండియున్న, లేదా కోరికకు ఎదురుగా దాని ఫలితమును తెలుపు పాట నొకటి ఉంచియున్న, సంపుటము కేవలము మధురగీతముల వరుసగాక ఒక స్త్రీజీవితపు రేఖ యగును.

సాండ్‌హైమ్ పాటలలో ఈ లోటు అంతగా కనబడదు. 'దేర్ వోంట్ బీ ట్రంపెట్స్' అను పాట చరిత్ర చిత్రమైనది. 1964లో తొమ్మిది ప్రదర్శనములతో ముగిసిన 'ఎనీవన్ కెన్ విజిల్' కొఱకు వ్రాయబడి, మొదటి రాత్రికి ముందే తీసివేయబడినది. దానికి ముందున్న సుదీర్ఘభాషణమునకే ప్రేక్షకులు చప్పట్లు కొట్టుచుండుటచే పాటకు చోటు లేకపోయెనట! మంచి పాటకు ఇట్టి కారణమున మరణము కలుగుట నాటకరంగముననే చెల్లును. లోకమును ఉద్ధరించు వీరుడు బాకాలు ఊదించుకొనుచు రాడని ఒక నర్సు నమ్మకముతో చెప్పు పాట ఇది. అప్‌షా దీనిని పిడికిలి బిగించి పాడినది. ఈ సంపుటమున కోపము ధ్వనించు పాట ఇదియే యని మాకు తోచినది. 'వాట్ మోర్ డు ఐ నీడ్' అనునది అంతకంటె దురదృష్టవంతమైన 'శాటర్‌డే నైట్' లోనిది. నిర్మాత 1955లో మరణించుటచే ఆ నాటకము 1997 వఱకు రంగమునే చూడలేదు. నగరపు రొద, మురికి, పొగ యన్నియు ప్రేమించువారికి అందముగా కనబడుననుటయే దాని చమత్కారము. ఇందు అప్‌షా నవ్వు అంటుకొనునట్టిది. విడిగా విన్నను ఈ రెండు పాటలును పూర్ణముగా నుండుటకు హేతువేమనగా, వానిలోని వాదము వానియందే ముగియుచున్నది. మేరీ పాట ప్రశ్నవలె ముగియును. ప్రశ్నకు నాటకము కావలెను.

తక్కినవానిని గుఱించి క్లుప్తముగా చెప్పుదుము. బెర్న్‌స్టైన్ 'కాండీడ్' నాటకములోని 'గ్లిటర్ అండ్ బీ గే' పారిసులో ధనికుల ఉంపుడుకత్తెయైన యువతి నగలు పెట్టుకొనుచు ఏడ్చి నవ్వు పాట. ఒపెరా గాయనుల ఆడంబరమును అవహేళనచేయుచు, ఒపెరా గాయని తప్ప పాడలేనట్లు వ్రాయబడినది. అప్‌షా సమర్థురాలే. కాని 1956లో ఆ నాటకము డెబ్బదిమూడు ప్రదర్శనములతో ఆగినను, పాట మాత్రము ఎన్నడును మరుగుపడలేదు. ప్రతి సొప్రానోయు పాడుచునే యున్నది. దాని స్థానమున బ్లిట్జ్‌స్టైన్ పాట మఱియొకటి యుండిన బాగుగ నుండెడిది. వైల్ పాటలయందు లోకమును చూచి అలసిన స్త్రీ పెదవుల చివర నిలుచు చేదునవ్వు కావలెను. అప్‌షా గొంతులోని ఉదయకాలపు తేటదనము దానికి అడ్డువచ్చినది. స్టెర్న్ నడపిన వాద్యబృందము గాయని మాటకు ఎప్పుడును అడ్డుపడదు.

బ్లిట్జ్‌స్టైన్ తన 'జూనో' మఱల లేచుటను చూడలేదు. 1964 జనవరిలో మార్టినీక్ ద్వీపమున దుండగుల దెబ్బలకు మరణించెను. 2008లో న్యూయార్కు సిటీ సెంటర్‌వారు తమ 'ఎన్‌కోర్స్' వరుసలో ఈ నాటకమును కొన్ని దినములు మాత్రము ప్రదర్శించిరి. అది చూడనివారికి 1959లో తొలి నటవర్గముచే కొలంబియావారు ముద్రించిన రికార్డు ఉన్నది. అందు మేరీ పాటను మాంటీ అముండ్‌సెన్ పాడినది. అప్‌షా అంతటి నేర్పు ఆమెకు లేదు. కాని అదే రికార్డులో తల్లియు కూతురును కలిసి పాడు 'బర్డ్ అపాన్ ది ట్రీ' కలదు. జూనో పాత్ర ధరించిన షర్లీ బూత్ గొంతు బొంగురుగా, శిక్షణ లేనిదిగా, పనిచేసి అలసిన యిల్లాలి గొంతుగానే యున్నది. ఈ సంపుటమును కొన్నవారు ఆ పాటను గూడ సంపాదించి, మేరీ పాట వినిన వెంటనే దానిని వినవలెనని మా కోరిక.